ఒంటి చుక్కల గీత

కొత్తగా సర్వే పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నంద్యాలలో మా ఇంటికి వస్తుంటారు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటారు. వాళ్లకు కావలసినవి పొలం హద్దుల మీద, గెట్టు తగాదాల్లో నేను గెలిచిన కథలు. అవి నా దగ్గర బోలెడున్నాయి, వాటిలో కొన్ని నిజం కూడా. కానీ మీరు వినవలసింది నేను పాడుచేసిన పని గురించి. అది బయటపడేనాటికి నేను రిటైరవడానికి నాలుగు నెలలుంది.

నా గురించి కొంత చెబితేగాని ఇది అర్థం కాదు. నేను పుట్టు క్రైస్తవుణ్ణి. వారంలో ఆరు రోజులు భూమి కొలిచేవాణ్ణి, ఏడో రోజు వాక్యం చెప్పేవాణ్ణి. పాస్టరును కాను గానీ, చుట్టుపక్కల ఏ ఊరి పాస్టరుకు ఒంట్లో నలతగా ఉన్నా నాకే ఫోను వచ్చేది. గొంతు బాగుంటుందని జనం అనేవాళ్లు. వాళ్లకంటే ముందే నాకు ఆ సంగతి తెలుసు.

ఉద్యోగం చివరి ఏళ్లు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో ఒక మండలంలో గడిచాయి. మండలం పేరు, మనుషుల పేర్లు చెప్పను. పొద్దున్నే బస్సెక్కితే శిరివెళ్ల దాకా నిలబడి, అక్కడ కూలీలు దిగాక కూర్చునేవాణ్ణి. ఆ మండలంలో నాకు రెండు పిలుపులు. పనిరోజుల్లో "సారూ". ఆదివారం "అయ్యగారూ". పిలుపును బట్టి నా నడక కూడా మారుతుందని మా ఆవిడ ఎగతాళి చేసేది.

ఆ మండలంలో ఒక ఊరు. ఊరికి తూర్పున ఒక పేట. పేటలో అందరూ కూలికి పోయి బతికేవాళ్లు, అందరూ మా సంఘం వాళ్లే. వాళ్ల సమాధుల తోట వాగు పక్కన ఉంటుంది. పేటకూ తోటకూ మధ్యలో ఒక రైతు నల్లరేగడి చేను.

పాత పటంలో ఆ చేను మధ్యగా ఒక కాలిబాట ఉంది. మా పటాల్లో బండి పోయే దారికి రెండు వరసల చుక్కలు పెడతారు, మనిషి నడిచే బాటకు ఒకే వరస. ఆ ఒంటి చుక్కల గీత పేట చివర మొదలై తోట గేటు దగ్గర ఆగుతుంది. నేల మీద చూస్తే మాత్రం ఏమీ కనపడదు. రైతు చేనంతా దున్ని విత్తుతాడు. పేటలో ఎవరైనా పోతే, జొన్న ఎంత ఎత్తున ఉన్నా సరే, పెట్టెను ఆ పైరులోంచే మోసుకుపోతారు. రైతు తండ్రి కాలం నుంచీ ఇదే వాడుక. పైరు తొక్కారని ఏనాడూ ఒక్క మాట అన్నది లేదు. ఇక ఏటా ఈస్టరు తెల్లవారుజామున, పంట తీసిన బోడి నేల మీద, పేటంతా తెల్లబట్టలు కట్టుకుని పూలు పట్టుకుని తోటకు నడుస్తుంది. ఆ పూట అక్కడ బాట కనపడుతుంది. తర్వాత దుక్కిలో కలిసిపోతుంది.

ఇదంతా నాకు తెలియదని కాదు. రెండు ఈస్టర్లు ఆ తోటలో ప్రార్థన చేయించింది నేనే. అయితే రెండుసార్లూ నేను మోటారు సైకిలు మీద వాగు గట్టున చుట్టు తిరిగి వెళ్లాను. ఆ గట్టు ఒక్క మోటారు సైకిలుకు చాలినంత ఉంటుంది, అంతకంటే ఉండదు. అందుకే ఆ బాట గురించి విన్నానే గానీ దాని మీద అడుగు పెట్టలేదు.

నంద్యాల కొత్త జిల్లా అయిన తర్వాత, మా మండలంలో భూములన్నీ మళ్లీ కొలిచే పని వచ్చింది. డ్రోను పైనుంచి ఫొటోలు తీసేటప్పటికి ఆ చేలో జొన్న మనిషెత్తున ఉంది. బాట ఫొటోలో పడలేదు. పాత పటంలో ఉండి కొత్త ఫొటోలో కనపడని దాని గురించి ఊళ్లోవాళ్లను పిలిచి అడగాలి, వాళ్లు చెప్పింది రాసి సంతకం పెట్టాలి. ఆ అడిగేవాణ్ణి నేను. నాకు తోడుగా ఆ ఊరి గ్రామ సర్వేయరు ఉండేది. ఇద్దరు పిల్లల తల్లి, మాట తక్కువ, కొలతలో అంగుళం తేడా వస్తే అన్నం తినని మనిషి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

ఆ విచారణ ఒక బుధవారం. దానికి ముందు ఆదివారం పేటలో వాక్యం నాదే. ఇరుకు దారి గురించి చెప్పాను. నాశనానికి పోయే దారి మన నంద్యాల రోడ్డంత వెడల్పు, లారీలకు లారీలు పోతాయి, జీవానికి పోయే దారి ఒక్క మనిషి పట్టేంత, అందులో పక్కన ఎవరూ ఉండరు, ఎవరి నడక వాళ్లదే అని చెప్పాను. మధ్యమధ్యలో ఆగి, చెవి దగ్గర చేయి పెట్టుకుని, "మీకు దారి ఉందా?" అని గట్టిగా అడిగేవాణ్ణి. "ఉంది! ప్రభువే మా దారి!" అని అందరూ బదులు చెప్పాలి. మొదటిసారి గొణిగారు. మూడోసారికి గుడి రేకులు అదిరాయి. ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక అవ్వ అందరికంటే ముందుగా, అందరికంటే గట్టిగా చెప్పింది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో కూడా ఆ బదులు నా చెవుల్లో మోగుతూనే ఉంది.

బుధవారం బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాం. ఊరి రైతులు మూరెడు గెట్టు కోసం గంటలు గంటలు వాదించి వెళ్లారు. పేటవాళ్ల వంతు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. నాకు ఆకలి, పైగా సాయంత్రంలోగా ఇంకో ఊరి కాగితాలు ముగించాలి. ఆదివారం నాటి అవ్వే ముందు నిలబడి, రెండు చేతులూ జోడించి, "వందనాలయ్యగారూ" అంది. ఆ పిలుపు వినగానే నేను ఆగవలసింది. బుధవారం నేను సారును.

పేట నుంచి సమాధుల తోటకు ఈ చేనులో మీరు నడిచే బాట ఉందా, ఎన్నాళ్ల నుంచి నడుస్తున్నారు, ఎక్కడ మొదలవుతుంది అని అడగాలి. నేను కాగితంలోంచి తల ఎత్తకుండా, "అవ్వా, మీకు దారి ఉందా?" అన్నాను. మూడే మాటలు. అవి ఆదివారం గొంతుతోనే వచ్చాయి.

అవ్వ మొహం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి తనవాళ్లకు చేత్తో సైగ చేసింది. బడి వరండాలో అందరూ ఒక్కసారిగా, "ఉంది! ప్రభువే మా దారి!" అన్నారు.

నేను నవ్వాను. నా ప్రసంగం మూడు రోజులైనా వాళ్ల నోళ్లలో ఉందని ముచ్చటేసింది. ఆ ముచ్చటలోనే కలం తీసి, "వాగు గట్టు మీద వేరే దారి కలదు. అభ్యంతరం లేదు" అని రాశాను. వాళ్లు వరసగా వచ్చి వేలిముద్రలు వేశారు.

గ్రామ సర్వేయరు నా చెవి దగ్గరికి వంగి, "సార్, వాళ్లు చెప్పింది ఈ దావ గురించి కాదు గదా సార్?" అంది.

"అన్నీ ఒకటేనమ్మా" అన్నాను, పెద్దమనిషిలాగా. ఆమె తిరిగి తన కాగితాల మీదికి వంగింది. ఆమె చెప్పింది నాకు అర్థం కాలేదని ఇప్పటికీ ఎవరైనా అనుకుంటే, అది నా మీద జాలి. బాగా అర్థమైంది. మళ్లీ మొదటినుంచి అడగడానికి బద్ధకమేసింది.

కొత్త పటాలు వచ్చాయి. చేను నిండుగా ఒకే ముక్కగా ఉంది, చుక్కల గీత లేదు. మధ్యలో ఒక ఈస్టరు కూడా గడిచింది. పేటవాళ్లు ఎప్పటిలాగే నడిచారు, ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ వానాకాలం అడవి పందుల బాధ ఎక్కువై రైతు చేను చుట్టూ తీగ కంచె వేయించాడు. కొత్త పటం చూసుకునే వేయించాడు.

ఆ తర్వాత ఒక రోజు పదకొండు గంటలప్పుడు నేను ఆఫీసులో ఉండగా గ్రామ సర్వేయరు ఫోను చేసింది. "సార్, పేటలో అవ్వ మొగుడు పోయినాడు. కంచెకాడ పెట్టె దించినారు. మీరు రావల్ల సార్" అంది.

ఆ తాత రైతు తండ్రి దగ్గర జీతం ఉన్నవాడు. నలభై ఏళ్లు అదే చేనులో గొర్రుతో విత్తనం వేసిన మనిషి. నేను వెళ్లేసరికి పెట్టె కంచె ముందు రెండు స్టూళ్ల మీద ఉంది. పక్కనే నేల మీద అవ్వ కూర్చుని ఉంది. పేట మొత్తం అక్కడే నిలబడింది. కంచె అవతల జొన్న మోకాలెత్తున ఉంది. రైతు చేతిలో కొత్త పటం మడతలు విప్పి పట్టుకుని నా మీదికి వచ్చాడు.

"రాప్పా, నువ్వే చెప్పు. నేను దావ మూసిన దుర్మార్గున్నంట. నువ్విచ్చిన పటంలో దావ యాడుంది? చూపించు!"

నేను పటం చూడలేదు. చూడవలసిన పని లేదు.

"మనిషి పోయినపుడు అడ్డం పడేవాన్నా నేను?" అన్నాడు మళ్లీ. "తీగ తీసినా. చూడు, ఆ రెండు కంబాల నడుమ తీసి పెట్టినా. పోండి పోండి అని గంట నుంచి చెప్తాండా. ఆ ముసలామె కదల్లేదు."

నిజమే, తీగ తీసి ఉంది. నేను అవ్వ దగ్గర గొంతుక్కూర్చుని, లేవమన్నాను. ఆమె నా వైపు చూడకుండా పెట్టె వైపే చూస్తూ మాట్లాడింది.

"ఈయప్ప మంచోడే. తీగ తీసినాడు. రేపు నేను పోతా. ఎల్లుండి ఇంకొకరు పోతారు. అప్పటికి ఈ చేను ఎవురిదో, తీసేవాడు ఉంటాడో ఉండడో. దయ మీద పోతే ఈయన ఒక్కడే పోతాడు నాయనా. దావ ఉంటే పేటంతా పోతాది."

తర్వాత నా మొహంలోకి చూసింది. "ఈ పొద్దు ఎవురుగా వచ్చినావు? అయ్యగారుగానా, సారుగానా?"

జవాబు కోసం ఆగకుండా ఆమే మళ్లీ అంది.

"ఆ పొద్దు బడికాడ మీకు దారి ఉందా అని అడిగితివి. నేను పరలోకం దావ అనుకుంటి. దానికి ముందు ఆదివారం నువ్వే గదా నేర్పిస్తివి! నువ్వు అడిగింది ఈ దావనా?"

నా నాలుక చివర ఒక జవాబు సిద్ధంగా ఉంది: మీరు చెప్పిందే రాశాను, మీ వేలిముద్రలున్నాయి. కాగితం ప్రకారం అది నిలబడుతుంది. నన్ను ఎవరూ ఏమీ చేయలేరు. ఎండలో పెట్టె, దాని మీద కనకాంబరాల దండ, దాని పక్కన ఈమె. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

"ఈ దావేనవ్వా" అన్నాను. "నువ్వు వేరే దావ అనుకున్నావని నాకు ఆ పొద్దే తెలుసు. తెలిసే రాసినా. సారుగా తప్పు చేసినా, అయ్యగారుగా కూడా తప్పు చేసినా."

వాళ్లు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రైతే ముందుగా నోరు విప్పాడు.

"అట్లయితే రాసియ్యి. దావ పడితే నా చేను రెండు ముక్కలైతాది. అది నాకు నష్టమే, దాంట్లో అబద్ధమేం ల్యా. గానీ ఆ పెట్టెలో ఉండేది మా నాయనతో కలిసి ఈ చేలో గొర్రు తోలినోడు. నువ్వు నీ తప్పు ఒప్పుకొని రాస్తే నేను కాదనను. ఇది పందులకేసిన కంచెప్పా, పీనుగులకు కాదు."

గ్రామ సర్వేయరు అట్ట, తెల్లకాగితం ఇచ్చింది. నిలబడే రాశాను. ఆ చేనులో బాట ఉన్నట్టు పాత పటంలో ఉందని, విచారణ రోజు నేను ప్రశ్న సరిగా అడగలేదని, జవాబును తప్పుగా రాశానని, గ్రామ సర్వేయరు హెచ్చరించినా వినలేదని. రాసింది పైకి చదివాను. అంతమంది ముందు చాలా వాక్యం చెప్పాను గానీ, నా గొంతు అంత చెడ్డగా వినిపించింది ఆ ఒక్కరోజే. రైతు కింద సంతకం పెట్టాడు. అవ్వ లేచి చీర దులుపుకుని, "ఎత్తండి" అంది.

పైరులో ఎక్కడా దారి గుర్తు లేదు. అయినా మోసేవాళ్లు కిందికి చూడలేదు, ఎవరినీ అడగలేదు. గ్రామ సర్వేయరు కొలిచే కర్ర పట్టుకుని వెనకాలే పది అడుగులకొకసారి గుర్తు తీసుకుంటూ వచ్చింది. సగం దూరంలో, వెనక కుడివైపు మోస్తున్న పెద్దాయన భుజం నొప్పెట్టి ఆగిపోయాడు. నేను వెళ్లి ఆ మూల ఎత్తుకున్నాను.

అక్కడ తెలిసింది నాకు. నా పక్కన, పెట్టెకు అవతల, ఇంకొకడు నడుస్తున్నాడు. ముందు ఇద్దరు. నేను అడుగు తప్పితే అతను తూలుతున్నాడు, అతను ఆగితే నేను ఆగాలి. ఇరుకు దారి ఒక్క మనిషి పట్టేంత అని, పక్కన ఎవరూ ఉండరని రేకులు అదిరేటట్టు చెప్పినవాణ్ణి. వాళ్ల దారి ఇరుకే, కానీ పెట్టెకు చెరో పక్క ఒక మనిషి నడిచేంత ఉంది. అంతకంటే తక్కువైతే పనికిరాదు. ఒంటిగా పోయేవాడికి చాలిన వాగు గట్టును వాళ్లకు దారి అని రాసిచ్చాను నేను. జొన్నల్లో ఏడ్చుకుంటూ నడిచాను. పోయినవాడి కోసం ఏడుస్తున్నాననుకుని పక్కనున్నవాడు ఓదార్చాడు.

సాయంత్రం గ్రామ సర్వేయరు తన గుర్తులను పాత పటం మీద వేసి చూపించింది. వాళ్ల కాళ్లు నడిచిన వరసకూ, ఎప్పుడో ఎవరో పెట్టిన చుక్కలకూ మధ్య జానెడు తేడా కూడా లేదు. "చూడండి సార్" అంది, అంతే. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు.

మరునాడు తహసీల్దారు నన్ను లోపలికి పిలిచి, తలుపు వేయించి, టీ తెప్పించాడు. చెడ్డవాడు కాదు, నా మీద నిజంగా అభిమానం ఉన్నవాడు. "నాలుగు నెలల్లో పోయేవాడివి. ఈ కాగితం నా దగ్గరే ఉండనీ. ఫీల్డు పటం మీద ఆ అమ్మాయి సంతకం కూడా ఉంది గదా. ఆమె పొరపాటని రాద్దాం. చిన్నది, ఒక మెమోతో పోతుంది. నువ్వు శుభ్రంగా శాలువా కప్పించుకుని ఇంటికి పో" అన్నాడు.

వెడల్పు దారి గురించి ముప్పై ఏళ్లు ప్రసంగాలు చేశాను. అది ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. చల్లని గదిలో, వేడి టీతో, మనమంటే ఇష్టమున్నవాడి నోటి నుంచి వస్తుంది. టీ తాగాను కూడా. రెండు రోజులు ఆలోచించానని ఒప్పుకుంటున్నాను. ఇంట్లో చెబితే మా ఆవిడ, "ఆ పిల్లకు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదన్నావు గదా" అని మాత్రం అని, వంటింట్లోకి వెళ్లింది. మూడో రోజు వెళ్లి ఆ కాగితాన్ని నా పేరుతోనే పైకి పంపించాను.

చార్జి మెమో వచ్చింది. విచారణ జరిగింది. నన్ను విచారించినవాడు ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే, తల వంచుకుని ప్రశ్నలు అడిగాడు. వీడ్కోలు సభ నాడు శాలువా కప్పారు, అందరూ నా నిజాయితీ గురించి మాట్లాడారు, ఆ మెమో అప్పటికి నా సంచిలోనే ఉంది. సర్వీసు పుస్తకంలో ఒక మచ్చతో బయటికి వచ్చాను. అది నాకు బాధగానే ఉంది, ఇప్పటికీ. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికవుతుందని గుళ్లో చెప్పడం సులభం. నాకు అంత తేలిక కాలేదు.

సవరించిన పటం రావడానికి నేను రిటైరయ్యాక కూడా చాలా నెలలు పట్టింది. గ్రామ సర్వేయరు ఒక ప్రతి తీసుకుని నంద్యాల వచ్చింది. ఇద్దరం కలిసి బస్సులో పేటకు వెళ్లాం. అవ్వ ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంది, చూపు బాగా తగ్గింది. నేను ఈసారి ఏ పిలుపు కోసమూ ఎదురుచూడలేదు. పటం ఆమె ఒళ్లో పరిచి, ఆమె వేలు పట్టుకుని, పేట చివర పెట్టాను. అక్కణ్ణుంచి చుక్కల మీదుగా మెల్లగా జరిపి, తోట దగ్గర ఆపాను.

"ఇదేనా?" అంది.

"ఇదేనవ్వా."

ఆమె వేలు వెనక్కి తెచ్చుకుని, తనంతట తానే మళ్లీ ఒకసారి నడిపించింది. కాగితం మీద అది బొటనవేలంత కూడా లేదు. రెండు చివరలూ తడిమి చూసుకుని, నా వైపు తిరిగింది.

"ఇంత పొట్టి దావకు నీకు ఇంత కాలం పట్టిందా నాయనా?" అంది.